విజయనగరంలో ఉండాలా, వైజాగ్ పోవాలా

 

పోస్టు కొంచెం పొడుగే, ఓపికుంటే చదవండి. మేం విజయనగరంలో హాస్టల్లో ఉంటున్నాం. ఒకే గదిలో నలుగురం, నలుగురిదీ బీఎస్సీ కెమిస్ట్రీ, ఆఖరి సంవత్సరం. ఇద్దరిది గుమ్మలక్ష్మీపురం వైపు, ఒకడిది కురుపాం, ఇంకొకడిది పాచిపెంట. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదట. మే నెలతో హాస్టల్ అయిపోతుంది. ఆ తర్వాత మంచమూ లేదు, మెస్సూ లేదు. ఈలోపు తేల్చుకోవాలి, ఇక్కడే ఏదో ఒకటి చూసుకోవాలా, వైజాగ్ పోవాలా అని.

రెండు ఊళ్లకీ మధ్య 60 కిలోమీటర్లు. ప్యాసింజర్ ఎక్కితే కబుర్లు అయ్యేలోపే దిగిపోతాం. కానీ పని దొరికే పద్ధతి చూస్తే రెండూ రెండు దేశాల్లా ఉంటాయి.

విజయనగరంలో మాకు దొరికిన మొదటి పని సంక్రాంతి ముందు బట్టల షాపులో. రోజుకి 400. ఆ పని కూడా మా వార్డెన్ సారుకి తెలిసినాయన చెప్తే దొరికింది. షాపాయన మమ్మల్ని నిలబెట్టి ఏ ఊరు, ఎవరబ్బాయిలు, ఎవరు పంపారు అని అన్నీ అడిగాడు. ఏజెన్సీ అనగానే, "లెక్కలు వచ్చా మీకు?" అన్నాడు. డిగ్రీ చదువుతున్నాం అని అప్పుడే చెప్పాం కదా. అయినా అడిగాడు. వచ్చండీ అన్నాం. ఇంకేం అంటాం.

వైజాగ్‌లో పెళ్లిళ్ల సీజన్లో క్యాటరింగ్‌కి వెళ్లాం. రాత్రికి 600, భోజనం పెట్టేవాళ్లు. అక్కడ మేస్త్రీ అడిగింది ఒకటే, "వైట్ షర్టు ఉందా?" అని. పేరు కూడా అడగలేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి మాకు హాయిగా అనిపించింది. ఎవరూ మన ఊరు అడగకపోవడం కూడా ఒక సుఖమే. చిన్న ఊళ్లో పని తెలిసినవాళ్ల ద్వారానే తిరుగుతుంది, మనకేమో ఆ తెలిసినవాళ్లు లేరు. 2011 లెక్కల్లో విజయనగరం జనాభా 2 లక్షల పైచిలుకు, వైజాగ్‌ది 17 లక్షల పైన. అంత పెద్ద ఊళ్లో ఎవరు ఎవరన్నది ఎవడికీ పట్టదు.

అయితే పేరు అడగనివాడు తీసేసేటప్పుడు కూడా పేరు అడగడని తర్వాత తెలిసింది. మా హాస్టల్లోనే రెండు బ్యాచ్‌ల ముందు చదివిన అన్న ఒకడు పరవాడ దగ్గర మందుల కంపెనీలో కాంట్రాక్టు కింద చేరాడు. కోతలన్నీ పోను చేతికి 13 వేలు. గదిలో ఆరుగురు ఉంటే తన వాటా 2 వేలు, మెస్సుకి 3,500. ఫోను, ఛార్జీలు, సబ్బులు, పండక్కి ఇంటికి వెళ్లిరావడం అన్నీ పోను ఇంటికి పంపేది 5 వేలు. వాళ్ల అయ్యకి మలేరియా జ్వరం వస్తే ఎనిమిది రోజులు ఊరెళ్లాడు. తిరిగొచ్చేసరికి కాంట్రాక్టరు, "నీ ప్లేసులో వేరేవాడు వచ్చేశాడు" అన్నాడు. నోటీసు లేదు, కాగితం లేదు. అన్న అబద్ధం చెప్పడు, రెండు వారాలు కాకుండానే ఇంకో కాంట్రాక్టరు దగ్గర దొరికింది అని కూడా చెప్పాడు. అదీ వైజాగే. కాకపోతే మళ్లీ కొత్తవాడి జీతం, మళ్లీ మొదటి మెట్టు. రెండేళ్లు పని చేసినా చేతిలో అనుభవం సర్టిఫికెట్ లేదు.

మా క్లాసు సీనియర్ ఇంకొకడు విజయనగరంలోనే రక్తపరీక్షల ల్యాబులో ఉన్నాడు. జీతం 8 వేలు. గది వాటా 1,200, బియ్యం, చోడిపిండి ఇంటినుంచే తెచ్చుకుంటాడు. నెలకి 3 వేలు పంపుతాడు. ఇంట్లో బాగోలేకపోతే ఓనరు తిడుతూనే సెలవిస్తాడు. రెండేళ్లలో జీతం వెయ్యి పెరిగింది, అంతే.

ఈ లెక్క మేం నోట్‌బుక్ వెనక పేజీలో వేశాం. 13 వేలకీ 8 వేలకీ తేడా 5 వేలు. ఇంటికి చేరేదాంట్లో తేడా 2 వేలే. మిగతా 3 వేలు వైజాగే తినేస్తోంది.

ఇంకో సంగతి. వైజాగ్ ఉద్యోగం అంటాం గానీ పరవాడ, అచ్యుతాపురం రెండూ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు అనకాపల్లి జిల్లాలోకి పోయాయి. అక్కడ పనిచేసే అన్నకి బీచ్ చూసి ఏడాది అయ్యిందట. ఇటు చూస్తే, వైజాగ్ కొత్త ఎయిర్‌పోర్టు అని అందరూ అనే భోగాపురం ఉన్నది విజయనగరం జిల్లాలో! దాని శంకుస్థాపన 2023 మేలో అయ్యింది. ఊరు పెరిగింది అంటే ఊళ్లో కాదు, ఊరి అంచుల్లో. రెండు ఊళ్ల మధ్య హైవే పొడుగునా పెరుగుతోంది.

మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం వేరే విషయం. వైజాగ్ ఊరికే పెద్దది కాలేదు. 1933లో పోర్టు వచ్చింది, తర్వాత షిప్‌యార్డు, రిఫైనరీ, బీహెచ్‌పీవీ, స్టీల్‌ప్లాంటు. అవి ప్రభుత్వానివి. కేంద్ర సంస్థల్లో ఎస్టీలకి 7.5 శాతం ఉంటుంది. మన పెద్దవాళ్లలో క్వార్టర్సులో ఉండి పిల్లల్ని చదివించుకున్నవాళ్లు ఆ దారినే వెళ్లారు. ఇప్పుడు కొత్తగా వచ్చేవి మందుల కంపెనీలు, ఐటీ, డేటా సెంటర్లు. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. పేపర్లో చదివి మేమూ సంతోషించాం. కానీ వీటిల్లో రోస్టర్ లేదు. డేటా సెంటర్ కట్టేటప్పుడు వేలమంది కావాలి, నడిపేటప్పుడు తక్కువమంది చాలు. స్టీల్‌ప్లాంటుని కూడా వంద శాతం అమ్మాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించింది. కార్మికులు ఎంత పోరాడుతున్నారో మీకు తెలుసు. ఊళ్లో ఉద్యోగాలు పెరిగాయి అని సారు క్లాసులో చెప్తే, ఏ రకం ఉద్యోగాలు సార్ అని అడగాలనిపిస్తుంది. ఇంతవరకూ అడగలేదు.

విజయనగరం పెరిగింది చదువుల్లో. 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది, 2022లో జేఎన్‌టీయూ గురజాడ, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ. జూట్ మిల్లుల్లో బతికిన ఊరు ఇప్పుడు హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, జెరాక్స్ షాపుల మీద బతుకుతోంది. ఇక్కడ చదువుకుని పనికి వైజాగ్ పోవడమే అందరూ చేసేది. ఇక్కడే ఉండిపోవాలనుకున్నవాళ్లకి ఉన్న ఆశ టీచర్ పోస్టు. ఏజెన్సీ స్కూళ్లలో టీచర్లు నూటికి నూరూ స్థానిక గిరిజనులే ఉండాలన్న జీవో 3 వల్ల మనవాళ్లు ఎంతమంది టీచర్లయ్యారో మీకు చెప్పక్కర్లేదు. మేం చిన్నప్పుడు చదివింది వాళ్ల దగ్గరే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి, కానీ మాకింకా డిగ్రీ పూర్తవలేదు, బీఎడ్ లేదు. బీఎడ్ అంటే ఇంకో రెండేళ్లు. రెండేళ్లు ఇంట్లో ఎవరు పోషిస్తారు? జీడిపిక్కలు, చింతపండు అమ్మిన డబ్బుతోనే ఇన్నాళ్లూ పుస్తకాలు కొన్నారు.

మాలో ఒకడు ఈ వైజాగ్ కబురు వాళ్లమ్మకి ఫోన్లో చెప్పాడు. స్పీకర్ పెట్టాడు, అందరం విన్నాం. "ఏ కంపినీరా? పేలిపోయిందే, అదేనా?" అని అడిగింది. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు కదా, ఆ టీవీ బొమ్మలు ఆమెకి బాగా గుర్తు. అది కాదమ్మా, వేరేది అన్నాడు. "డబ్బులు లేకపోతే లేవు, ఎల్లకు నాయనా" అంది. మళ్లీ కాసేపాగి, "చెల్లికి ఇంటర్ ఫీజు కట్టాల కదా, ఏటి సేద్దాం" అని తనే అంది. ఫోన్ పెట్టేశాక ఎవరం మాట్లాడలేదు.

ఇప్పటికి మా గదిలో ఇద్దరం వెళ్దామంటున్నాం, ఇద్దరం ఉందామంటున్నాం. వెళ్దామనేవాళ్లు చెప్పేది ఏడాది చేసి, 40 వేలు కూడబెట్టి, వచ్చి బీఎడ్‌లో చేరతామని. షిఫ్టులు చేసి వచ్చినవాడు ఎడ్‌సెట్‌కి ఎప్పుడు చదువుతాడు అని ఉందామనేవాళ్లు అంటారు. ఇక్కడైతే ల్యాబ్ పని అయ్యాక జిల్లా గ్రంథాలయంలో కూర్చోవచ్చు అని వాళ్ల వాదన. పోయిన వారం దీనిమీద గట్టిగానే గొడవైంది, ఒకడు అన్నం తినకుండా పడుకున్నాడు. ఎవరు కరెక్టో మాకు తెలీదు. ఒక్కటి మాత్రం నలుగురం ఒప్పుకున్నాం. ఎక్కడికి పోయినా ఆఫర్ లెటర్ ఇవ్వనివాడి దగ్గర ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టకూడదని.

కాంట్రాక్టరు మనిషి 25వ తేదీకి ఆధార్, మార్కుల లిస్టు, రెండు ఫొటోలు పట్టుకుని రమ్మన్నాడు. అన్నలూ, అక్కలూ, పరవాడ, అచ్యుతాపురంలో చేస్తున్నవాళ్లు ఉంటే మూడు విషయాలు చెప్పండి. కంపెనీ రోల్స్‌లోకి తీసుకోవడానికి ఎన్నేళ్లు పడుతోంది? పీఎఫ్ నంబరు మొదటి నెలే ఇస్తున్నారా? ఇంటికి వెళ్లాల్సి వస్తే ఎన్ని రోజుల వరకు ఆగుతారు? 25 లోపు చెప్తే మాకు పనికొస్తుంది.