పోయి వచ్చెదము

అతిథి గుమ్మము త్రొక్కునప్పుడేమనవలెనో, గుమ్మము దిగునప్పుడేమనవలెనో మన యిండ్లలో నెవ్వరును పాఠము చెప్పరు. తల్లి కొంగు పట్టుకొని తిరుగుచునే నేర్చుకొందుము. కాని ముప్పది యేండ్లు దాటిన పిమ్మట మేము ఈ విద్యను ఓనమాలు మొదలుకొని మరల నేర్వవలసి వచ్చినది. అదియు స్పానిషు భాషలో.

మా ఆడుబిడ్డ కుమార్తె స్పెయిన్ దేశపు రాజధానియగు మాడ్రిడ్ నగరమున నుద్యోగము చేయుచున్నది. అచ్చటి యువకు నొకని పెండ్లాడ దలచినది గాని, పెద్దలు సరే యననిదే అడుగు ముందుకు వేయనన్నది. ఆ యువకుని తల్లి, తానే ముందు వచ్చి పెద్దలను చూచి పోవుదునని బయలుదేరినది. భర్త ప్రయాణమున కోపలేనివాడగుటచే ఒంటరిగనే వచ్చుచున్నది. మాకు పెద్దదిక్కు మా అత్తగారు. ఎనుబది రెండేండ్ల వయస్సు. మడియు తులసికోటయు రామాయణమును ఆమె లోకము. ఆమె యేమనునో యని నల్లగొండలో మా యిల్లంతయు బెదరుచుండగా, ఆమె యడిగిన మొదటి ప్రశ్న యిది: “ఆవిడ వస్తూనే నన్ను ముద్దు పెట్టుకొంటుందటనే?”

మాట నిజమే. ఆ దేశమున స్త్రీలు కలిసికొన్నప్పుడు చెంపకు చెంప తాకించి గాలిలో ముద్దు చప్పుడు చేయుదురు. రెండు చెంపలకును రెండుమారులు. స్త్రీ పురుషులు కలిసినను సాధారణముగా నిదే మర్యాద. పురుషులు తమలో తాము కరచాలనము చేయుదురు. స్పానిషు మాటలాడు అమెరికా దేశములు పెక్కింట ఒక్క చెంపతోనే సరి. “ఆ దేశమే నయము” అని అత్తగారు తీర్పు చెప్పిరి.

మా పిల్ల ప్రతిరాత్రియు టెలిఫోనులో ముఖము చూపుచు పాఠము చెప్పెడిది. ‘ఓలా’ యనునది చనువైన పలుకరింపు; వ్రాతలో హకారమున్నను నోట పలుకరు. ప్రొద్దుట ‘బ్వేనోస్ దియాస్’ అనవలెను. అది మధ్యాహ్న భోజనము వరకు చెల్లును. వారి భోజనము రెండు గంటలకు గాని కాదు. అటుపై చీకటి పడువరకు ‘బ్వేనాస్ తార్దెస్’. రాత్రి ‘బ్వేనాస్ నోచెస్’. ఇది కలిసినను చెల్లును, విడిపోయినను చెల్లును. దినము పుంలింగము, సాయంకాలమును రాత్రియు స్త్రీలింగములు గనుక విశేషణము మారినదని చెప్పగా, శబ్దమంజరి వల్లించిన మాకది వింత గాలేదు.

వింతయైనది మరియొకటి. ‘నీవు’ అనుటకు వారు ‘తూ’ అందురు. సంస్కృతపు ‘త్వమ్’ శబ్దమునకది దూరపు జ్ఞాతి. ‘మీరు’ అనుటకు ‘ఉస్తేద్’. పూర్వము ‘తమ దయ’ యను నర్థముగల రెండు మాటలు వాడుకలో నరిగి అరిగి ఇట్లయినవట. దీనికి క్రియ ప్రథమపురుషములో నుండవలెను. సంస్కృతమున ‘భవాన్’ శబ్దమున కెట్లో అచ్చముగా నట్లే! దీనిని గ్రహించిననాడు మేము వంటయింటిలో నొంటరిగా నవ్వుకొంటిమి. ఇపుడు స్పెయిన్‌లో ‘తూ’ వాడుక మిక్కిలి ప్రబలినదట. వయోవృద్ధులయెడ మాత్రము ‘ఉస్తేద్’ మర్యాద.

ఆమె వచ్చిన దినమున ప్రొద్దుట తొమ్మిది గంటలు. కారు దిగి, గడపకు దూరముగనే నిలిచి, రెండు చేతులు జోడించి “నమస్కారమండీ” అన్నది. మా పిల్ల ముందే నేర్పియున్నది. పది దినములనుండి జపించిన మా అత్తగారు గంభీరముగా “బ్వేనాస్ తార్దెస్” అనిరి. ప్రొద్దుటే సాయంకాలమయినందుకు ఆమె నవ్వలేదు. అప్పుడే మాకామెపై గౌరవము గలిగినది.

మరునాడు చిట్యాల, చౌటుప్పలు మీదుగా పోచంపల్లికి పోయితిమి. పూర్వపు నల్లగొండ మండలములోని ఈ గ్రామము 2016నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. 1951లో వినోబాభావేకు వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరముల నిచ్చిన భూదానపు ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థవారు దీనిని ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా గౌరవించిరి. ఆ సభ జరిగినది మాడ్రిడ్‌లోనే. ఈ మాట వినగానే ఆమె తన యూరివారినే కలిసికొన్నట్లు సంతోషించినది.

ఒక మగ్గపుటింటిలో నున్న ముసలమ్మకు ఆమె నమస్కరించినది. ముసలమ్మ కుడిచేయి సగమువరకే లేచి ఆగినది. “శనార్థి తల్లీ, రెక్క లేవదు” అన్నది. చిటికి పనికి దారము సాగదీయుటకు ఆసు పోయవలెను గదా. చీరకు వేలమారులు చేయి అటునిటు త్రిప్పి త్రిప్పి భుజము పట్టుకొనిపోయినది. తల్లి యిట్లే బాధపడుట చూడలేక చింతకింది మల్లేశము 1999లో ఆసుయంత్రము చేసెను. ఈమె కది వచ్చునప్పటికే ఆలస్యమయినది. స్పెయిన్ వనిత యొక నిమిషమాలోచించి, ఆ సగము లేచిన చేతిని తన రెండు చేతులతో పట్టుకొన్నది. మర్యాద గ్రంథములో నిది లేదు.

‘శనార్థి’ యనగా నేమని ఆమె యడిగినది. వీరశైవుల ‘శరణార్థి’యే యిది, పాల్కురికి సోమనాథుని కాలమునుండి వచ్చుచున్నది. తెలంగాణపు పల్లెలలో నిప్పటికిని వినబడును. అంతట ఆ యింటి ముసలాయన, తన తండ్రి దొరలకు ‘కాళ్లు మొక్కుతా, బాంచన్’ అనెడివాడని చెప్పెను. ‘నీ బానిసను’ అని చెప్పుకొనుచు పలుకరించుట! మనువు కూడ కుశలప్రశ్నకు వర్ణభేదము చెప్పినాడు. బ్రాహ్మణుని కుశలమనియు, శూద్రుని ఆరోగ్యమనియు అడుగవలెనట. చిన్ననాడు భక్తితో వల్లించితిమి గాని, ఆ ముసలాయన యెదుట మాకు నోరు రాలేదు. ఆమె మాత్రము, తమ దేశమునను పూర్వము పెద్దింటి స్త్రీలకు వ్రాయు ఉత్తరముల చివర ‘తమ పాదములు ముద్దిడుచున్నాను’ అని వ్రాయుట మర్యాదగ నుండెనని చెప్పినది. ఆయన యాశ్చర్యపడి, “అక్కడ గూడనా?” అనెను.

పాలమూరిలో పిల్లలమర్రి చూచితిమి. ఆ మహావృక్షమునకు చెదలు పట్టగా 2018లో సీసాలు వ్రేలాడగట్టి బొట్టుబొట్టుగా మందెక్కించిరి. చెట్టుకన్న మాకు బస్సు స్టేషనే జ్ఞాపకమున్నది. పాలమూరి కూలీలు దేశమంతట ఆనకట్టలు కట్టినవారు. ఇపుడు నీళ్లు కొంత వచ్చినను వలస యింకను పూర్తిగా నాగలేదు. ముంబయి పోవుచున్న కొడుకు నొకతె సాగనంపుచుండెను. “పయిలం బిడ్డా” అన్నది. “పోయొస్తనవ్వా” అని వాడెక్కెను. ‘పోవుచున్నాను’ అనడు; ఎంత తొందరలోనైనను మనవారా మాట నోట రానీయరు. ఎక్కడికని కూడ నడుగక, ‘దూరమా?’ అందురు. ఆమె కివి వివరించితిమి. తమవారును విడిపోవునప్పుడు ‘క్విదాతే’ అందురట. ‘ఒడలు జాగ్రత్త’ యని దాని భావము. బస్సు కనబడనంతవరకు ఆ తల్లి కదలలేదు. మా అతిథియు కదలలేదు. ఆమె కొడుకు లండనులో నైదేండ్లున్నాడట.

ప్రయాణపు దినము వచ్చినది. మా అత్తగారు ‘ఆద్యోస్’ నేర్చియుండిరి. ‘దేవునికి’ అని దాని యక్షరార్థము. మన హైదరాబాదు వాడుకలోని ‘ఖుదా హాఫిజ్’ వంటిది. మా పిల్ల వలదన్నది. అది తప్పు మాట గాదట. త్రోవలో నెదురై సాగిపోవు పొరుగువారితో కూడ అందురట. కాని దీర్ఘప్రయాణమున నది తుది వీడ్కోలువలె వినబడవచ్చునట. ‘అస్తా ప్రోంతో’ అనవలెను. త్వరలో కలిసికొనువరకు అని భావము. ‘అస్తా’ యను మాట అరబ్బీనుండి వచ్చినది. 711 మొదలు 1492 వరకు ఆ దేశమున ముసల్మానుల యేలుబడి కొంతమేరనైన నుండుటచే నట్టి మాటలనేకములు నిలిచినవి.

“దేవునికి అప్పగిస్తే తప్పేమిటే?” అని అత్తగారు గొణిగి, తుదకు ఏ మాటయు ననలేదు. మాచేత ఆమెకు బొట్టు పెట్టించిరి. పోచంపల్లి చీరయు రవికగుడ్డయు పండును చేతికిచ్చిరి. స్నానమయి మడి కట్టుకొన్న వేళ. మేమందరము దూరముగ నుంటిమి. ఆమెయు దూరముననే చేతులు జోడించి, వచ్చీరాని తెలుగులో “పోయి వస్తాను” అన్నది.

అత్తగారు గడప దాటి వచ్చి ఆమె చేయి పట్టుకొనిరి. మడి పోయినది. మా పిల్లవైపు తిరిగి, “ఈమాటు వచ్చేటప్పుడు అబ్బాయిని కూడా తీసుకొని రమ్మని చెప్పవే” అనిరి.

మా పిల్లకు దానిని స్పానిషులో చెప్పుటకు చాలసేపు పట్టినది.