511కి పాత కెమెరా

ఒరేయ్ మిత్రమా,

పెట్-సీటీ పక్కన కూర్చుని పనిచేసేవాడివి, గామా కెమెరాతో ఎఫ్‌డీజీ తీసే పద్ధతిని పాఠంలో ఉంచాలా తీసేయాలా అని నన్నడిగావు. ఉంచు. కాకపోతే పెట్‌కి నాసిరకం నకలని చెప్పకు. ఆ ముక్క నాకు నచ్చదు.

1976 ఆగస్టు సంగతితో మొదలుపెట్టు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అబాస్ అలావీ బృందం మొదటిసారి మనుషులకు ఎఫ్‌డీజీ (ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజ్ లాంటి మందు) ఇచ్చింది. మందు బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో తయారై విమానంలో ఫిలడెల్ఫియా చేరింది. ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలే కదా. ఆ మెదడు బొమ్మలు తీసింది పెట్ యంత్రం కాదు, డేవిడ్ కూల్ నిర్మించిన మార్క్-4. పాజిట్రాన్ వల్ల ఎదురెదురుగా పుట్టే 511 కేఈవీ ఫోటాన్ జంటల జోలికి పోకుండా, ఫోటాన్లను విడివిడిగా లెక్కించే స్కానర్ అది. అంతకుముందే, 1950ల చివర్లో, హాల్ ఆంగర్ బర్క్‌లీలో తన కెమెరాకు ఎదురుగా ఇంకో డిటెక్టర్ నిలిపి పాజిట్రాన్ జంటల్ని పట్టి చూశాడు.

తర్వాత సీసం లెక్క చెప్పు. టెక్నీషియం వదిలే 140 కేఈవీ కిరణాల్ని సగానికి తగ్గించాలంటే 0.3 మిల్లీమీటర్ల సీసం చాలు. 511కి సుమారు 4 మిల్లీమీటర్లు కావాలి. దాంతో కెమెరా ముందుండే సీసపు జల్లెడ (కాలిమేటర్) గోడలు లావెక్కుతాయి, రంధ్రాలు తగ్గుతాయి, బొమ్మ మసకబారుతుంది.

1990ల్లో కొందరు కాలిమేటర్‌నే ఊడదీసి, రెండు తలల్ని ఎదురెదురుగా పెట్టి జంటల్ని లెక్కపెట్టారు. బొమ్మలో పదును పెరిగింది గానీ, పెట్‌తో పోలిస్తే కౌంట్లు తక్కువే. 9.5 మిల్లీమీటర్ల సోడియం అయొడైడ్ క్రిస్టల్‌లో 511 ఫోటాన్లలో నాలుగో వంతుకు కాస్త పైనే ఏదో రకంగా తగులుతాయి. జంటలో రెండూ తగలాలంటే ఆ నాలుగో వంతులో మళ్లీ నాలుగో వంతు! పైగా సీసం అడ్డు లేక ఒంట్లోంచి వచ్చే ఒంటరి ఫోటాన్లన్నీ వచ్చి మీద పడతాయి. క్రిస్టల్ మందం పెంచితే టెక్నీషియం బొమ్మ చెడుతుంది. పెద్ద గడ్డలు దొరికేవి, చిన్నవి జారిపోయేవి. క్యాన్సర్ పనిలో పెట్ గెలవడం న్యాయమే.

గుండె దగ్గర మాత్రం కథ వేరు. అక్కడ అడిగేది పెద్ద ప్రశ్న: రక్తం సరిగా అందని ఈ గోడ చచ్చిపోయిందా, ముడుచుకుని బతికే ఉందా? గ్లూకోజ్ తాగించి ఎఫ్‌డీజీ ఇస్తే బతికున్న కండరం దాన్ని లాక్కుంటుంది. అలాంటి గోడకు బైపాస్ చేస్తే మళ్లీ కదిలే అవకాశం ఉంది. దీనికి మిల్లీమీటర్ల పదును అక్కర్లేదు, 511 కాలిమేటర్ తగిలించిన కెమెరా చాలు. ఇంకో సుఖం, రక్తప్రసారానికి టెక్నీషియం కలిపిన సెస్టామిబీ, జీవానికి ఎఫ్‌డీజీ, రెండూ ఒకే పడకలో తీయొచ్చు: ఒక శక్తి విండో 140 దగ్గర, ఇంకోటి 511 దగ్గర. రోగి కదిలినా రెండు బొమ్మలూ కలిసే కదులుతాయి. నీ పెట్ యంత్రానికి అన్ని పాజిట్రాన్ మందులూ 511గానే కనిపిస్తాయి, ఈ విద్య దానికెక్కడిది?

అయితే 511 చెల్లాచెదురై 140 విండోలోకి దిగజారుతుంది. అందుకే టెక్నీషియం మోతాదు ఎక్కువ ఇవ్వాలి. మీ పిల్లల్ని పరీక్షలో ఇదే అడుగు.

మన దేశంలో ఈ దారి ఎందుకు పెద్దగా సాగలేదంటావా? కెమెరాలు లేక కాదు, మందు లేక. 2002లో ముంబై రేడియేషన్ మెడిసిన్ సెంటర్లో మొదటి మెడికల్ సైక్లోట్రాన్ వచ్చింది. వస్తూనే పెట్‌నీ వెంట తెచ్చుకుంది.

మీ స్టోర్‌రూంలో 511 కాలిమేటర్ ఏదైనా పడి ఉంటే తుక్కుకి వేయనివ్వకు. గుండె ఫాంటమ్‌తో రెండు విండోల్లో తీయించి, ఆ స్పెక్ట్రం నాకు పంపు.

నీ
పాత రూమ్మేట్