జీపు నెత్తిన మూట

బాలలారా! వరిగడ్డి వేసుకుని పోయే బండిని మీరు చూసే వుంటారు. గడ్డి కొండంత ఎత్తున వుంటుంది. బాట కాస్త పక్కకు వాలిందంటే చాలు, బండివాడు చప్పున కిందికి దూకి వాలిన వైపు భుజం ఆనిస్తాడు. అదే బండిలో ఇటుకలు వేసినప్పుడు అతనికి అంత భయం వుండదు. గడ్డికన్న ఇటుకలు బరువు గదా, మరి భయం తక్కువ ఎందుకు?

దీనికి జవాబు నాకు బడిలోనే చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కాని అది నాకు నిజంగా తెలిసింది మాత్రం 2011 ఆగస్టులో, హిమాలయాలలో, ఒక వాగు నడుమ. ఆ సంగతి చెబుతాను, వినండి.

నేనూ, మా తమ్ముడూ మా పాత జీపులో మనాలినుంచి లేహ్ నగరానికి పోదామనుకున్నాము. అప్పటి దారిన అది సుమారు 475 కిలోమీటర్లు. రోహ్‌తాంగ్ కనుమ కింద సొరంగం 2020లో గాని తెరవలేదు గనుక, మేము ఆ కనుమ ఎక్కి దిగవలసిందే. తారురోడ్డు కొంతదూరమే, తక్కినదంతా రాళ్లూ, దుమ్మూ, వాగులూ. దారిలో టండి అనే చోట ఒక పెట్రోలు బంకు వుంది. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరాన వున్నదని అక్కడ ఒక బోర్డు పెట్టారు.

లెక్క వేసి చూడండి. కొండదారిలో మా జీపు లీటరు డీజిలుకు 7 కిలోమీటర్లు నడుస్తుందనుకున్నాము. 365 కిలోమీటర్లకు 52 లీటర్లు పైగా కావాలి. మా ట్యాంకులో పట్టేది 40. దారిలో ఏదైనా అడ్డం వచ్చి వెనక్కు తిరగవలసి వస్తే ఇంకా కావాలి. అందుచేత రెండు జెర్రీ డబ్బాలు కొన్నాము. ఒక్కొక్కదానిలో 20 లీటర్లు పడతాయి. ఈ డబ్బాను 1930ల దశకంలో జర్మన్లు తయారుచేశారు. యుద్ధంలో బ్రిటిషు సైనికులు జర్మన్లను "జెర్రీ" అని పిలిచేవారు. డబ్బాకూ ఆ పేరే నిలిచింది. దాని పైన మూడు పిడులుంటాయి. ఒకరు మోయాలంటే నడిమి పిడి, ఇద్దరు మోయాలంటే చెరొక అంచు పిడి!

ఇక సామానంతా పెట్టుకోవటానికి క్యారియరు కావాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్లి, నేను గీసిన బొమ్మ చూపించాను. డబ్బాలూ, నీళ్లూ, పనిముట్లూ, పరుపులూ అన్నీ జీపు టాపు మీదే!

మేస్త్రీ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "బాబూ, మీరు నెత్తిన నీళ్లబిందె పెట్టుకుని గట్టు మీద పరుగెత్తగలరా?" అని అడిగాడు.

"లేను," అన్నాను.

"మరి జీపు మాత్రం ఎందుకు పరుగెత్తాలి?" అన్నాడు.

చివరకు ఆయన రెండు క్యారియర్లు కట్టాడు. టాపు మీదది అంగుళం చదరపు ఇనుపగొట్టంతో చేసినది: 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, చుట్టూ పొట్టి కంచె. దాని బరువే సుమారు 25 కిలోలు. ఆరు కాళ్లనూ టాపుకు అతికించక బోల్టులతో బిగించి, ప్రతి కాలి కిందా పాత టైరు ముక్క వేశాడు. "కుదుపులకు కాస్త కదలనివ్వాలి బాబూ. బిర్రబిగిస్తే అతుకు విరుగుతుంది," అన్నాడు. రెండవది జీపు వెనకాల, నడుమెత్తున, డబ్బాల కోసం. "పైన గుడ్డలు, కింద గుండ్లు. మరిచిపోకండి!" అని మమ్మల్ని సాగనంపాడు.

వెనక క్యారియరుతో ఒక చిక్కు వచ్చింది. అది వెనక తలుపుకు అడ్డం. టీ కాచుకోవాలంటే స్టవ్వు తీయాలి, స్టవ్వు తీయాలంటే రెండు డబ్బాలూ దించాలి. లీటరు డీజిలు సుమారు 850 గ్రాములు. డబ్బాతో కలిపి ఒక్కొక్కటి 21 కిలోలు. రోజుకు నాలుగుసార్లు దించి ఎక్కించేసరికి నాకు విసుగెత్తింది. టండిలో డబ్బాలు నింపించి, "ఈ ఒక్కరోజుకే గదా!" అని వాటిని టాపు మీదికి ఎక్కించాను. తమ్ముడు మేస్త్రీ మాట గుర్తుచేశాడు. నేను వినిపించుకోలేదు.

బారాలాచా కనుమ సుమారు 16,000 అడుగుల ఎత్తు. దానికి కొంచెం ఇవతల ఒక వాగు వచ్చింది. ఆ కొండవాగులలో పొద్దున నీళ్లు తక్కువ. ఎండకు మంచు కరిగేకొద్దీ మధ్యాహ్నానికి పొంగుతాయి. మేము చేరింది మధ్యాహ్నమే. నీళ్లలోకి దిగి నాలుగు గజాలు పోయామో లేదో, ఎడమ చక్రాలు రాళ్ల సందున గుంటలో పడ్డాయి. జీపు ఎడమకు ఒరిగింది. పైన డబ్బాలు జరిగి కంచెకు ధణేలుమని కొట్టుకున్నాయి. ఆ దెబ్బతో కుడి చక్రం నేలనుంచి లేచింది! కింద నీళ్లు హోరుమంటున్నాయి. తమ్ముడు కూర్చున్నది ఎడమవైపే.

"అన్నయ్యా!" అన్నాడు వాడు. అంతకుమించి నోట మాట రాలేదు.

అవతలి గట్టున ఆగివున్న లారీ డ్రైవరు మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. అతనూ, అతని క్లీనరూ కుడివైపు మెట్టు మీద నిలబడి తమ బరువంతా ఆనించారు. చక్రం నేలకు తగిలింది. తరవాత తాడు కట్టి లారీతో మమ్మల్ని మెల్లిగా లాగారు. గట్టెక్కాక డ్రైవరు టాపు వైపు చూసి తల అడ్డంగా తిప్పాడు. నాకు సిగ్గు వేసింది. అక్కడికక్కడే డబ్బాలు దించి వెనక క్యారియరులో పెట్టాను. ఆ తరవాత లేహ్ చేరేలోగా అటువంటి వాగులు మరికొన్ని దాటాము. చక్రం మళ్లీ లేవలేదు.

దీనికి కారణం ఏమిటి? ఏ వస్తువు బరువైనా ఒక్కచోటనే వున్నదని అనుకోవచ్చు. ఆ చోటును గరిమనాభి అంటారు. అక్కడినుంచి తాపీమేస్త్రీ గుండు కట్టిన దారం వేలాడదీసినట్టు ఊహించండి. దారం చక్రాల మధ్య పడినంతసేపూ బండి నిలుస్తుంది. చక్రాలు దాటి పడితే బోల్తాకొడుతుంది. బరువు పైకి చేరితే గరిమనాభి కూడా పైకి పోతుంది. అప్పుడు కొద్దిపాటి వాలుకే దారం చక్రాలు దాటుతుంది. గడ్డిబండి సంగతి అదే. ఇటుకలు బరువైనా అడుగునే వుంటాయి.

మీరూ ఇంట్లో చేసి చూడండి. పొడుగాటి పౌడరు డబ్బా ఒకటి తీసుకుని, అడుగున గులకరాళ్లూ, పైన గుడ్డముక్కలూ కూరి మూతపెట్టండి. దానిని ఒక చెక్క మీద నిలబెట్టి, జారకుండా ఒక పక్క స్కేలు అడ్డం పెట్టండి. చెక్క రెండో కొస కింద పుస్తకాలు ఒక్కొక్కటే పేర్చండి. ఎన్ని పుస్తకాలకు డబ్బా పడింది? ఇప్పుడు గుడ్డలు అడుగునా, రాళ్లు పైనా వేసి మళ్లీ చెయ్యండి. లెక్క మీకే తెలుస్తుంది.

తిరిగి వచ్చాక మేస్త్రీ దగ్గరికి వెళ్లి జరిగినదంతా దాచకుండా చెప్పాను. చీవాట్లు పెడతాడనుకున్నాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "తప్పు మీదొక్కరిదే కాదు బాబూ. తలుపుకు అడ్డంగా కట్టినవాణ్ణి నేనే గదా! చేతికి వీలుగా లేని వస్తువును ఎవరైనా పక్కన పెట్టేస్తారు," అన్నాడు. వెంటనే వెనక క్యారియరు విప్పి, ఒక పక్క బందులు వేసి, తలుపులాగా తెరుచుకునేట్టు మార్చాడు. పని చిటికెలో అయినట్టే కనిపించింది.

ఇప్పుడు స్టవ్వు కావాలంటే డబ్బాలు దించనక్కరలేదు. బరువు వుండవలసిన చోటనే వుంటుంది. పిల్లలూ, రేపు మీరు ఏదైనా వస్తువు చేసినప్పుడు అది గట్టిగా వుంటే చాలుననుకోకండి. విసుగెత్తినవాడు కూడా దానిని సరిగా వాడుకునేట్టు వున్నదా అని ఒకసారి చూసుకోండి.