వాన పడని చోట వచ్చిన వరద

ఫ్లాష్ ఫ్లడ్ గురించి 150 పదాల్లో రాయమంటే మీలో చాలామంది ఏడు నిమిషాల్లో రాసేస్తారు. నేనూ రాసేవాణ్ణి. వాన మొదలైన ఆరు గంటల లోపు వచ్చే వరద. కారణాలు: క్లౌడ్‌బరస్ట్, మంచు సరస్సు తెగడం, డ్యామ్ గేట్లు ఎత్తడం. చివర్లో వాతావరణ శాఖ 2020లో మొదలుపెట్టిన ఫ్లాష్ ఫ్లడ్ గైడెన్స్ వ్యవస్థ గురించి ఒక వాక్యం. సివిల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి పక్కన ఒక బొమ్మ కూడా గీసేవాణ్ణి. అంత బాగా రాయగలిగినవాడు నిజంగా నీళ్ళు వచ్చిన రోజు ఏం చేశాడో చెప్తాను.

2024 జూన్ 16న ప్రిలిమ్స్ అయింది. కీ చూసుకుంటే కటాఫ్ దగ్గర అటూ ఇటూ ఊగుతున్నాను. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మా గది మీరు చూసిన గదుల్లాంటిదే: రెండు మంచాలు, ఒక కూలరు, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఇంకో వారం అందులో ఉంటే పిచ్చెక్కుతుందనిపించి నలుగురం 28న రాత్రి కశ్మీరీ గేట్‌లో బస్సెక్కి ఋషికేశ్ వెళ్ళాం. జూలై 1 నుంచి రెండు నెలలు అక్కడ రాఫ్టింగ్ ఆపేస్తారు. సీజన్‌లో ఆఖరి శనాదివారాలు కాబట్టి టెంట్లు సగం ధరకే దొరికాయి. ఋషికేశ్ నుంచి కౌడియాల వరకు గంగ ఒడ్డున 100 మీటర్ల లోపు క్యాంపులు వద్దని 2015లో ఎన్‌జీటీ చెప్పినట్టు నా నోట్స్‌లోనే ఉంది. మా క్యాంపు గంగ పక్కన కాదు, గంగలో కలిసే ఒక వాగు పక్కన. అంతే తేడా. టెంట్ లోంచి పది అడుగులేస్తే నీళ్ళు.

ఇంట్లో చెప్పలేదు. ఎందుకో తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లోని మండి జిల్లాలో, లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళకు హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. బండల మీద పిల్లలు నిలబడి ఉండగా చుట్టూ నీళ్ళు పెరిగిపోయే ఆ వీడియోను టీవీలో తిప్పి తిప్పి వేశారు. మూడేళ్ళ తర్వాత నన్ను బీటెక్‌లో చేర్చిన రోజు అమ్మ ఫీజు గురించి ఏమీ అనలేదు, హాస్టల్ గురించీ అనలేదు. "టూర్లకెళ్తే ఏటి దగ్గరికి మాత్రం పోకురా" అంది. నేను ఋషికేశ్ బస్సులో కూర్చుని అమ్మతో "లైబ్రరీలో ఉన్నానమ్మా, తర్వాత చేస్తా" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం మా నెత్తిన ఎండే ఉంది. పైన, వాగు వచ్చే వైపు కొండల మీద మాత్రం మబ్బు నల్లగా పట్టి ఉంది. ఫొటోకు బాగుంటుందని ఒకడు దాన్ని తీశాడు కూడా. వాగులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. అడుగున గులకరాళ్ళు కనిపించేంత తేటగా ఉన్నాయి నీళ్ళు.

ముందు కనిపెట్టింది క్యాంపులో వంట చేసే గఢ్వాలీ అన్న. ఉల్లిపాయలు తరుగుతున్నవాడు కత్తి పట్టుకునే లేచి నిలబడ్డాడు. నీళ్ళ రంగు మారుతోంది, టీలో పాలు కలిసినట్టు. పుల్లలు, ఎండుటాకులు కొట్టుకొస్తున్నాయి. "ఊపర్ చలో, సబ్ ఊపర్!" అని అరిచాడు. మాలో ఒకడు నవ్వాడు. వాన లేదు కదా భయ్యా అన్నాను నేను.

ఆ మాట ఎందుకన్నానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నాకు తెలిసిన వరద ఢిల్లీ వరద. 2023 జూలైలో, నేను ఢిల్లీ వచ్చిన కొత్తలో, పాత రైల్వే వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు చేరింది. 1978 నాటి 207.49 రికార్డు పోయింది. కానీ హథినీకుండ్ బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్ళు ఢిల్లీ చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారో పొద్దున పేపర్లో చదివి, సాయంత్రం మ్యాప్‌లో గుర్తుపెట్టుకున్నాం. వరద అంటే చెప్పి వచ్చేదని నా బుర్రలో అలా ఉండిపోయింది. కొండవాగుకు ఆ మర్యాద లేదు. పైన పదిహేను కిలోమీటర్ల అవతల పడిన వాన నిటారు లోయలో దిగి రావడానికి గంట కూడా పట్టక్కర్లేదు. 2021 ఫిబ్రవరి 7న చమోలీలో అసలు వానే లేదు. కొండ మీది రాయీ మంచూ విరిగిపడి రిషిగంగ పొంగింది.

మిగతా ముగ్గురూ పైకెక్కారు. నేను టెంట్‌లోకి వెళ్ళాను. లోపల బ్యాగ్, అందులో రెండేళ్ళ జాగ్రఫీ ఆప్షనల్ నోట్స్, చేత్తో రాసినవి. బ్యాగ్ తీసుకుని బయటికొచ్చేసరికి నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. నాలుగడుగులు వేసేసరికి మోకాళ్ళ దాకా. శబ్దం మీకెలా చెప్పాలి? నీళ్ళ చప్పుడు కాదది, అడుగున బండలు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు, పాదాల్లోంచి తెలిసింది. వేగం రెండింతలైతే తోసే బలం నాలుగింతలవుతుందని ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో లెక్కలు చేశాం. మోకాలి లోతు నీళ్ళు మనిషిని పడేస్తాయన్నది ఆ లెక్కలోనే ఉంది. పడ్డాను. రెండో అడుగు ఎక్కడ వేశానో గుర్తు లేదు.

ఎవరో వెనకనుంచి బ్యాగ్ పట్టీ పట్టుకుని లాగారు. వంట అన్న. అప్పటికే పైకెక్కినవాడు నాకోసం మళ్ళీ దిగాడు. నన్ను వాగు వెంట కాకుండా నేరుగా కొండవాలు మీదికి, తుప్పల్లోకి తోశాడు. ఇద్దరం నాలుగు కాళ్ళ మీద పాకి రోడ్డెక్కాం. వెనక్కి తిరిగి చూస్తే మా టెంట్ లేదు. దాని పక్కన వంట టెంటూ లేదు.

ఆ రాత్రి రోడ్డు పక్క టీ కొట్లో ఉన్నాం. అదే మధ్యాహ్నం హరిద్వార్‌లో, ఎండిపోయి ఉండే సుఖీ నదిలో పార్క్ చేసిన కార్లు కొట్టుకుపోయి గంగలో తేలుతున్న వీడియోలు ఫోన్లో చూశాం. పొద్దున్నే నీళ్ళు తీసేశాక వంట అన్న ఒడ్డున తిరుగుతూ కనిపించాడు. వంట టెంట్‌లో ఆయన రేకు పెట్టె ఉందట. సీజన్ జీతం అందులోనే ఉందట. నాకోసం దిగకపోయి ఉంటే దాన్ని తెచ్చుకునే టైముండేది. ఆయన అలా అనలేదు. క్యాంపులో పనిచేసే ఇంకో కుర్రాడు అన్నాడు. నలుగురి దగ్గరా కలిపి నాలుగు వేల రెండు వందలు పోగైతే ఇచ్చాం. లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "పిలిస్తే రావాలి" అన్నాడు నాతో, అంతే.

జూలై 1న రిజల్ట్ వచ్చింది, నా నంబర్ లేదు. ఆ ఏడాది మెయిన్స్ జీఎస్-1లో క్లౌడ్‌బరస్ట్ మీద ప్రశ్న వచ్చింది, అదీ నేను రాయలేదు.

జూలై 27 సాయంత్రం మన రాజిందర్ నగర్‌లో ఏం జరిగిందో మీకు తెలుసు. బేస్‌మెంట్ లైబ్రరీలోకి రోడ్డు మీది నీళ్ళు దూకి, చదువుకుంటున్న ముగ్గురు పోయారు. ఆ రాత్రి అమ్మ పదకొండుసార్లు ఫోన్ చేసింది. నేను బాగానే ఉన్నానని చెప్పాక, ఋషికేశ్ సంగతి కూడా చెప్పేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ వంటాయన పేరడిగింది, ఆయనకు పిల్లలెంతమందని అడిగింది. పేరు చెప్పగలిగాను. రెండోది నాకు తెలియదు.

మర్నాడు ఆయనకు ఫోన్ చేసి కనుక్కున్నాను. ఇద్దరు ఆడపిల్లలట. అమ్మ నాన్నకు చెప్పకుండా ఐదు వేలు పంపించింది. పోయిన నెల మళ్ళీ మాట్లాడాను. క్యాంపును రోడ్డు పక్కకు, పైకి మార్చారట. గిరాకీ తగ్గిందన్నాడు. ఢిల్లీ నుంచి ఫోన్ చేసేవాళ్ళు మొదట అడిగేది టెంట్ నీళ్ళకు ఎంత దగ్గర అనేనట.