చెట్టుకీ ఓ చెరువు లెక్క

చెరువు లెక్క మా మైలవరం మెట్ట రైతుకి ఎవరూ నేర్పక్కర్లేదు. వాగులోంచి ఎంత వచ్చింది, తూములోంచి ఎంత పోయింది, చెరువులో ఎంత మిగిలింది... ఈ మూడూ తెలిస్తే వరి వెయ్యాలో, అపరాలతో సరిపెట్టుకోవాలో ఇట్టే చెప్పేస్తాడు. అదే రైతుని ‘నీ తోటలో చెట్ల లెక్క ఏమిటి?’ అని అడగండి. ‘ఎన్ని ఉన్నాయో అన్నే’ అంటాడు. చెట్టుకి కూడా వాగూ, తూమూ ఉంటాయని మనకి తట్టదు.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. అయినా చెట్లని ఇలా చూడటం నాకు నేర్పింది ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడే. సెలవులకి వచ్చినప్పుడు వాడి ప్రాజెక్టు గురించి అడిగితే ‘సిస్టమ్ డైనమిక్స్ అత్తా’ అన్నాడు. పేరు పెద్దదే కానీ సంగతి చిన్నది. ఏ వ్యవస్థలోనైనా నిల్వ ఉంటుంది, రాక ఉంటుంది, పోక ఉంటుంది. ఈ మూడూ ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో, ఆ మార్పుకి ఎంత ఆలస్యం పడుతుందో లెక్కకట్టడమే ఆ శాస్త్రం.

దీన్ని మొదలుపెట్టినవాడు అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ జే ఫారెస్టర్. 1950ల చివర్లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవాళ్లు ఆయన దగ్గర ఓ గోడు వెళ్లబోసుకున్నారు. కెంటకీలో గృహోపకరణాలు తయారుచేసే ఫ్యాక్టరీలో కొన్నాళ్లు మూడు షిఫ్టులూ పనిచేస్తాయట, ఇంకొన్నాళ్లకి సగంమందిని ఇంటికి పంపాల్సి వస్తుందట. ఫారెస్టర్ ఓ నోటుబుక్కూ, పెన్సిలూ తీసుకుని వారంవారం ఆర్డర్లూ, సరుకూ, పనివాళ్ల సంఖ్యా గళ్లలో వేసుకుంటూ పోయాడు. ఆ ఒడిదుడుకులకి మూలం బయటెక్కడో లేదనీ, ఫ్యాక్టరీలో నిర్ణయాలు తీసుకునే పద్ధతిలోనే ఉందనీ తేలింది. తర్వాత ఇదే పద్ధతితో ఆయన శిష్యులు 1972లో ‘లిమిట్స్ టు గ్రోత్’ అనే పుస్తకం తెచ్చి ప్రపంచమంతటినీ ఆలోచనలో పడేశారు.

‘మరి మన దగ్గర దీనికి ఉదాహరణ ఏదిరా?’ అన్నాను. వాడు అలమారలో ఉన్న కొండపల్లి బొమ్మని చూపించాడు.

కొండపల్లి మాకు బస్సెక్కితే గంట కూడా పట్టదు. అక్కడి దశావతారాలూ, ఏనుగు అంబారీలూ, తాటిచెట్టెక్కే గీత కార్మికుడూ తెలుగువాళ్ల ఇళ్లలో బొమ్మల కొలువుకి కొత్తవేం కాదు. అన్నీ తెల్ల పొణికి కర్రతోనే చేస్తారు. దూదిలా తేలికైన కర్ర అది. సన్నని సెగ మీద ఆరబెట్టి, చెక్కి, చేతులూ కాళ్లూ విడిగా చేసి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికిస్తారు. ఆ కొండల్లో పుట్టే చెట్టు కాబట్టే ఆ ఊళ్లో ఆ కళ పుట్టింది. ఇప్పుడు కళాకారుల మొదటి బాధ కర్ర దొరకకపోవడమే.

‘ఎక్కువ నరికారు, అయిపోయింది’ అని మనం ఒక్క ముక్కలో తేల్చేస్తాం. కానీ ‘ఎక్కువ’ అంటే ఎంత? ఆ సాయంత్రం మేమిద్దరం లాంగ్ నోట్‌బుక్ ముందేసుకున్నాం. అంకెలు ఊహించుకున్నవే, కొండపల్లివి కావు. ఓ కొండ మీద 1,000 పెద్ద చెట్లున్నాయి. ప్రతి 20 పెద్ద చెట్ల విత్తనాల్లోంచి ఏటా ఒక మొక్క నిలుస్తుంది, 15 ఏళ్లకి చెట్టవుతుంది. అంటే ఏటా 50 చెట్లు చేతికొస్తాయి. 50 నరికితే కొండ ఎప్పటిలాగే ఉంటుంది. బొమ్మలకి గిరాకీ పెరిగి 70 నరకడం మొదలుపెట్టామనుకోండి. ఏటా 20 తగ్గుతాయి. పదిహేనేళ్లకి 700 మిగులుతాయి. అప్పుడు భయమేసి, ‘మళ్లీ పాత పద్ధతికే వద్దాం, 50 మాత్రమే నరుకుదాం’ అని ఒట్టు పెట్టుకున్నాం.

ఇక కొండ కుదుటపడుతుందనే ఎవరైనా అనుకుంటారు. గళ్లు నింపుకుంటూ పోతే వచ్చింది వేరు. తల్లిచెట్లు తగ్గిన ఏళ్లలో మొక్కలూ తక్కువే నిలిచాయి. ఆ తక్కువ ఇప్పుడు బయటపడుతోంది. పదహారో ఏట 49 చెట్లే అందాయి, ముప్ఫయ్యో ఏట 35. బుద్ధిగా 50 చొప్పునే నరికినా ముప్ఫయ్యో ఏడు ముగిసేసరికి మిగిలినవి 580. అక్కడి నుంచి ఇంకా వేగంగా జారుడు. తాతల నాటి నరుకుడే మనవల కాలానికి అతిగా మారిపోయింది! కొండ కోలుకోవాలంటే పాత లెక్క కంటే బాగా తగ్గించాలి, లేదా మొక్కలు మనమే నాటాలి. ఈమధ్య పొణికి మొక్కలు పెంచే ప్రయత్నాలు జరుగుతున్నాయి. మంచిదే. కాకపోతే ఇవాళ నాటిన మొక్క ఇవాళ్టి కళాకారుడి ఉలి కిందికి రాదు. అప్పటిదాకా ఆ ఇంటి పిల్లలు ఆ వృత్తిలో ఉంటారా అన్నదే అసలు ప్రశ్న.

అడవిని ఇలా లెక్కగట్టడం కొత్తేం కాదు. జర్మనీలోని శాక్సనీ వెండి గనులకి కలప చాలక, 1713లోనే కార్లోవిట్జ్ అనే గనుల అధికారి పెరిగినంతే నరకాలని పుస్తకం రాశాడు. మన దేశంలో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, వర్కింగ్ ప్లాన్ లేకుండా అడవుల్లో చెట్లు కొట్టకూడదని చెప్పింది. వర్కింగ్ ప్లాన్ అంటే మరేం కాదు, అడవికి రాసుకున్న జమాఖర్చుల పుస్తకం.

అడవి సంగతి సర్కారు చూసుకుంటుంది, మాకెందుకంటారా? మా అన్నయ్యా అలాగే అన్నాడు. అన్నయ్యకి నాలుగెకరాల సుబాబుల్ తోట ఉంది. నందిగామ, జగ్గయ్యపేట వైపు మీరు బస్సులో వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా కనిపించేది ఆ చెట్టే. నీళ్లు పెద్దగా అడగదు, కూలీల బెడద తక్కువ, మూడు నాలుగేళ్లకి కోతకొస్తుంది, కొట్టిన మోడే మళ్లీ చిగురేస్తుంది. కర్ర కాగితం మిల్లులకి పోతుంది. చిక్కంతా ధరతోనే. ధర బాగున్న ఏడు అందరూ వేస్తారు. నాలుగేళ్లకి అందరి కర్రా ఒక్కసారే రోడ్డెక్కుతుంది, ధర పడుతుంది. విసిగిపోయి పొక్లెయిన్ పెట్టి మోళ్లు పీకిస్తారు. ఇంకో నాలుగేళ్లకి కర్రకి కరువొచ్చి ధర లేస్తుంది. ఫారెస్టర్ శిష్యుడు డెనిస్ మెడోస్ 1970లో పందులూ, పశువులూ, కోళ్ల మార్కెట్లలో ఇదే ఊగుడు చూపించాడు. జంతువు మారినా, చెట్టు మారినా ఆలస్యం చేసే పని ఒకటే.

ధర పడ్డ ఏడు అన్నయ్య కూడా పొక్లెయిన్‌కి కబురు పెట్టాడు, మామిడి వేస్తానని. వదినకేమో చిన్నదాని కాలేజీ ఫీజు బెంగ. మామిడి కాపుకొచ్చేదాకా ఇల్లెలా గడవాలి? మేనల్లుడు నోట్‌బుక్ తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. ‘నాన్నా, ధర ఎప్పుడు లేస్తుందో నేను చెప్పలేను. తోటని నాలుగు ముక్కలు చేసి ఏటా ఒక ఎకరం కొట్టు. ధర ఉన్న ఏడూ కొంత దొరుకుతుంది, లేని ఏడూ అంతా పోదు’ అన్నాడు. ‘ఎకరం కోసం కర్ర కొట్టే ముఠా వస్తుందా?’ అని అన్నయ్య కసిరాడు. ఆ మాటా నిజమే. దాంతో గట్టు పక్క రైతుతో మాట్లాడుకుని, ఇద్దరూ ఒకే వారంలో తలో ఎకరం కొట్టేలా ఒప్పందం చేసుకున్నారు. చివరి ఎకరం చెట్లు మొదటి విడతలో ముదిరిపోతాయి. దానికి సిద్ధపడే దిగారు.

ఇప్పటికి రెండెకరాలు కొట్టారు. మొదట కొట్టిన ఎకరంలో పిలకలు మనిషెత్తు దాటాయి. చేతికొచ్చింది ఒక్కసారి కొడితే వచ్చేంత కాదు. కానీ ఫీజుకి అప్పు చేయలేదు. ‘మధ్యలో ధర బాగా పెరిగితే?’ అని అన్నయ్య ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. ‘పెరిగినప్పుడు నీ దగ్గర ఇంకా కర్ర ఉంటుందిగా!’ అంటుంది వదిన.

మీ ఇంట్లో చెట్లే ఉండాలని లేదు. బోరుబావి కావచ్చు, పెరట్లో పాడి కావచ్చు, పిల్లల చదువుకి దాచిన డబ్బు కావచ్చు. ఓ కాగితం మీద ఏది వాగో, ఏది తూమో రాసి చూడండి. పక్కనే మూడో గడి గీసి, ఇవాళ చేసినదాని ఫలితం ఎన్నేళ్లకి కనిపిస్తుందో అది కూడా రాయండి. మొదటి రెండూ అందరికీ తెలిసినవే. మూడోదాన్నే మనం ఖాళీగా వదిలేస్తుంటాం.