మధ్యవర్తి వెనుక ఎవరున్నారు?

ఢిల్లీ రాజకీయాలు రాసే నాకు వీధి తగవులు చిన్న విషయాలుగానే కనిపించేవి. ఇరుగుపొరుగుల గొడవ తీర్చబోయిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి స్థానిక నాయకుడు ‘నీకేం అధికారం?’ అని నిలదీసినప్పుడు, ఆయన మౌనంగా లేచి వెళ్లిపోవడం చూశాను. ఆనాటి నుంచి నా అభిప్రాయం మారింది.

2023 మధ్యవర్తిత్వ చట్టం సామాజిక మధ్యవర్తిత్వానికి ప్రత్యేక అధ్యాయం కేటాయించి, ముగ్గురు మధ్యవర్తుల బృందాన్ని నిర్దేశించింది. అయితే అక్కడ కుదిరిన ఒప్పందానికి సివిల్ కోర్టు డిక్రీ బలం లేదు. అంటే మధ్యవర్తికి ఉన్న బలమల్లా ప్రజల నమ్మకమే. శ్రీలంకలో 1988 చట్టం ప్రకారం మధ్యవర్తులను నియమించేందుకు ఒక కమిషన్ ఉంది.

మన కేంద్రాలు కూడా ఒక వృత్తి సంఘంగా కూడితే ఉమ్మడి శిక్షణ, నియమావళి, పక్షపాతం చూపినవారిని ప్రశ్నించే వేదిక ఏర్పడతాయి. అటువంటి సంఘం అండగా ఉండివుంటే, ఆ ఉపాధ్యాయుడు ఆ రోజు లేచి వెళ్లేవారు కాదు.