దారి అడగని లెక్క

లైడెన్ నగరంలో 1722 ప్రాంతంలో గ్రావెసాండ్ అనే ప్రొఫెసర్ మెత్తటి బంకమట్టి పరిచి, దాని మీదికి ఇత్తడి గుండ్లు వదిలారు. గుండ్ల సైజు ఒకటే, బరువులే వేరు. గుండు దిగిన చోట పడే గుంటే ఆయన కొలబద్ద. మూడింతల బరువున్న గుండుని మూడో వంతు ఎత్తు నుంచి వదిలితే రెండు గుంటలూ సమానంగా వచ్చాయి. అదే గుండు రెట్టింపు వేగంతో దిగితే గుంట రెండింతలు కాలేదు, నాలుగింతలైంది. ఆయన న్యూటన్ పక్షం మనిషి. వేగం రెట్టింపైతే దెబ్బా రెట్టింపే అని ఆ పక్షం వాదన. మట్టి వేరే మాట చెప్పేసరికి, దెబ్బ వేగ వర్గాన్ని బట్టి ఉంటుందన్న లైబ్నిజ్‌దే ఆ విషయంలో సరైన మాటని ఒప్పుకున్నారు. ప్రయోగం ఎంత ఇష్టమో ఆ ఒప్పుకోలూ నాకు అంతే ఇష్టం.

ఆ ప్రయోగం విలువ గట్టిగా పట్టుకున్నది ఎమిలీ ద్యు షాత్లే. కొడుకు చదువు కోసమని 1740లో రాసిన భౌతికశాస్త్ర గ్రంథంలో ఆవిడ వేగ వర్గం వైపు నిలబడ్డారు. అప్పట్లో ఆడవాళ్ళకి ప్రవేశం లేని పారిస్ అకాడెమీ కార్యదర్శి మేరాన్ ఆక్షేపిస్తే, మరుసటి ఏడాది అచ్చులోనే జవాబిచ్చారు. నలభై రెండేళ్ళకే పోయారు. ఆ వర్గానికి ముందు సగం చేర్చి, 'పని' అనే మాటకి నేటి అర్థాన్ని స్థిరపరిచింది 1829లో కొరియోలిస్.

శక్తితో లెక్క కట్టే ఈ పద్ధతిలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. ఐదు మీటర్ల ఎత్తు నుంచి ఒక వస్తువు నిటారుగా పడనీ, నున్నటి వాలు మీద జారనీ, మెలికలు తిరిగి రానీ, ఘర్షణ లేకపోతే కిందికి చేరేసరికి వేగం సెకనుకి దాదాపు 10 మీటర్లే. బలాలతో లెక్క కట్టాలంటే ప్రతి మలుపులోనూ వాలు ఎంత, నేల ఎటు తోస్తోంది అని చూసుకుంటూ రావాలి. శక్తి లెక్కకి పై ఎత్తు, కింది ఎత్తు చాలు.

ఘర్షణ వచ్చిందా, దారి పొడవూ లెక్కలోకి వస్తుంది. ఎంత దూరం ఒరుసుకుంటే అంత శక్తి వేడిగా పోతుంది. బ్రేకు చేసే పని అదే. పొడి తారురోడ్డు మీద ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు బ్రేకు పడ్డాక ఆగడానికి 14 మీటర్లు కావాలి. 100 మీద వెళ్తుంటే 56. కారు బరువు లెక్కలో రెండు వైపులా ఉండి కొట్టుకుపోతుంది. డ్రైవరు తేరుకుని కాలు వేసేలోపు బండి దూసుకుపోయే దూరం దీనికి అదనం. లైసెన్సు ఇచ్చే ముందు అభ్యర్థి చేత ఈ ఒక్క లెక్క చేయించాలని నా కోరిక. లైడెన్ మట్టిలో పడిన నాలుగింతల గుంటే ఇక్కడ రోడ్డు మీద పరుచుకుని ఉంది.

ఇంత చెప్పిన లెక్క సమయం దగ్గర మాత్రం నోరు విప్పదు. ఐదు మీటర్లు నిటారుగా పడటానికి ఒక సెకను పడుతుంది. అదే ఎత్తున్న 30 డిగ్రీల నున్నటి వాలు మీద జారడానికి రెండు సెకన్లు. చివరి వేగం ఒకటే. వాలు తిన్నగా ఉంది కాబట్టి సగటు వేగం సెకనుకి 5 మీటర్లనీ, 10 మీటర్ల పొడవుకి రెండు సెకన్లనీ ఇట్టే తేలింది. మెలికల దారైతే ఎక్కడ ఎంత వాలుందో తెలియందే ఎప్పుడు దిగుతుందో చెప్పలేం.